గాజు పళ్లెంలో మా అత్త చేను

మా ప్రయోగశాలకు చాలామంది వస్తుంటారు. మట్టి సంచులు మోసుకొచ్చే రైతులు, పరీక్షల ముందు పరుగెత్తుకొచ్చే కాలేజీ పిల్లలు, కరెంటు మీటరు చూసే మనిషి. బ్రెడ్డు ప్యాకెట్టు, బత్తాయిలు పట్టుకుని వచ్చిన మనిషి మాత్రం ఇప్పటిదాకా ఒక్కరే. ఆమె మా అత్త.

అత్త అంటే నా భర్త తల్లి. అంతకుముందే మా నాయనకు సొంత అక్క, నాకు మేనత్త. ఊహ తెలిసినప్పటి నుంచి ఎరిగిన మనిషి ఇంటికి కోడలిగా వెళ్లడంలో ఒక సుఖం ఉంది, మర్యాదలు అక్కర్లేదు. ఒక కష్టమూ ఉంది, ఆమెకూ అక్కర్లేదు. కోపం మా పుట్టింటి ఆస్తి. ఆమెకు ముందొచ్చింది, నాకు తర్వాతొచ్చింది. మేమిద్దరం మాట్లాడుకుంటుంటే పక్కింటివాళ్లు పోట్లాట అనుకుని తొంగిచూస్తారు.

నా ఉద్యోగం అనంతపురంలో. జీవన ఎరువులు తయారుచేసే చిన్న ప్రయోగశాల మాది. నల్లటి పొడిలో బ్యాక్టీరియాను నింపి ప్యాకెట్లు కడతాం, రైతులు తెచ్చిన మట్టిని పరీక్షిస్తాం. ఇంట్లో దీన్ని ఎవరూ ఉద్యోగంగా లెక్కపెట్టలేదు. "పురుగులు మేపే పని" అని అత్త ఊరంతా చెప్పింది. అది నిజమే కాబట్టి నేను కాదనలేదు.

అత్త చేను ఊరికి పైన, గుట్ట వాలులో ఉంటుంది. ఎర్రగరుసు నేల. బోరు లేదు, కాలువ లేదు, వాన పడితేనే పంట. మామ పోయాక అది అత్త పేరు మీదికి వచ్చింది. ఏడాదికొకసారి వేరుశనగ వేస్తుంది. నా చిన్నప్పుడు ఆ చేలో కాయలు పీకుతుంటే మట్టిలో వేళ్లు గుచ్చుకునేవి కావు, మెత్తగా దిగేవి. ఇప్పుడు గడ్డపార కావాలి.

రెండేళ్ల కిందట ఆ గుట్ట చుట్టూ సోలార్ పలకలు లేచాయి. పక్క చేలవాళ్లు ఒకరి తర్వాత ఒకరు కంపెనీకి లీజుకు ఇచ్చేశారు. అత్త చేను మధ్యలో ఒంటరిగా మిగిలింది. మా బావ, అంటే అత్త పెద్దకొడుకు, తాడిపత్రిలో రాళ్లు పాలిష్ చేసే చోట పని చేస్తాడు. ఒకసారి పండక్కి కాకుండా పనిగట్టుకుని వచ్చి, అందరం భోజనాలకు కూర్చున్నప్పుడు మాట ఎత్తాడు.

"అమ్మా, సుట్టూ అందరూ ఇచ్చినారు. సచ్చిన నేలను దున్నుకుంటా ఎన్నాళ్లు ఎండలో ఎండుతావు?"

"సచ్చినాదని ఎవురు చెప్పినారు నీకు?"

"ఎవురన్నా చెప్పల్లనా? మూటలు మూటలు డీఏపీ పోస్తాండాం. మింగుతాది, ఏమీ ఇయ్యదు. బతికున్న నేల అట్ల చేస్తాదా?"

బావ చెడ్డవాడు కాదు. పొద్దంతా రాతి దుమ్ములో నిలబడే మనిషికి తల్లి ఎండలో వంగి కలుపు తీస్తుంటే చూడబుద్ధి కాదు. అత్త కొంచెంసేపు అన్నం కెలికింది. తర్వాత చెయ్యి ఎత్తి చెప్పింది.

"సరే. ఈ ఒక్క పైరు పెడ్తా. చేను సచ్చినాదని తేలితే నేనే సంతకం పెడ్తా. బతికుంటే మాత్రం ఆ మాట నా ముందర మళ్లా ఎత్తద్దు."

నా భర్త అమ్మ ఇష్టం అన్నట్టు తలూపాడు. అత్త ఒక మాట అన్నదంటే దాని మీదే నిలబడుతుందని మా అందరికీ తెలుసు. నాకు భయం వేసింది. ఆ చేను పోతే ఆమె ఏమవుతుందో ఆలోచించడానికి కూడా నాకు ఇష్టం లేకపోయింది. పొద్దున లేవగానే చేని వైపు చూడటం ఆమెకు ముఖం కడుక్కోవడం లాంటిది.

బావ అన్నదాంట్లో సగం నిజం ఉంది. ఆ నేల డీఏపీ ఎరువును మింగుతుంది. డీఏపీలో ఉండే భాస్వరం మొక్కకు వేరు పట్టడానికి, పూత రావడానికి, కాయ నిండటానికి కావాలి. మూట విప్పి చల్లినప్పుడు వేళ్లు దాంట్లో కొంచెమే అందుకుంటాయి. మిగిలింది నీళ్లలో కొట్టుకుపోదు, గాల్లో కలవదు. ఎర్రమట్టిలోని ఇనుముతోనో, అడుగున ఉన్న సున్నంతోనో ముడిపడి గట్టిగా కూర్చుండిపోతుంది. వచ్చే ఏడు మళ్లీ చల్లుతాం, మళ్లీ కూర్చుంటుంది. మామ చల్లింది, అత్త చల్లింది, అంతా ఆ నేలలోనే ఉంది. అటక మీద బెల్లం దిమ్మెలు పేర్చి పెట్టి, నిచ్చెన లేక కింద ఆకలితో కూర్చున్నట్టు ఉంటుంది ఆ మొక్కల సంగతి.

ఆ నిచ్చెన పని చేసే బ్యాక్టీరియా మట్టిలో ఉంటుంది. అది తిండి తిన్నప్పుడు ఒంట్లోంచి పుల్లటి ఆమ్లాలు విడుస్తుంది. ఆ పులుపుకు సున్నం, ఇనుము పట్టు సడలి భాస్వరం విడివడుతుంది. తనకు కావలసింది అది తీసుకుంటుంది, మిగిలింది పక్కనున్న వేరుకు దక్కుతుంది. వేరు కూడా ఊరికే తీసుకోదు, ఆకుల్లో తయారైన చక్కెరలో కొంత మట్టిలోకి వదిలి దాన్ని మేపుతుంది. మనుషుల మధ్య ఇంత మర్యాదగా జరిగే ఇచ్చిపుచ్చుకోవడం నేను చాలా తక్కువ చూశాను. ఆ బ్యాక్టీరియానే మేం పెంచి ప్యాకెట్లలో నింపుతాం.

"అత్తా, ఈసారి విత్తనానికి మందు పట్టించద్దు. నేను ప్యాకెట్లు తెస్తా," అని ఫోన్ చేసి చెప్పాను. "ఎండ తగలకూడదు, వేడి తగలకూడదు. అవి ప్రాణమున్నవి."

"ప్రాణమున్నవా?" అని రెండుసార్లు అడిగింది. అప్పుడే నాకు అనుమానం రావలసింది.

వాన పడింది. పదును ఆరిపోకముందే, అంటే మట్టిలో తడి ఉండగానే, విత్తాలి. పొద్దున్నే మొదటి బస్సుకు ప్యాకెట్లను తడిగుడ్డలో చుట్టుకుని వెళ్లాను. బెల్లం నీళ్లు కాచి, చల్లార్చి, అందులో ఆ నల్లపొడి కలిపి, గింజలకు పట్టించాను. వసారాలో నీడన గోనెపట్ట మీద ఆరబోశాను. అంతా పుస్తకంలో ఉన్నట్టే జరిగింది. ట్రాక్టరు ఆయన ఇంకా రాలేదని వీధి చివరిదాకా వెళ్లి చూసి వచ్చాను.

వచ్చేసరికి గింజలన్నీ పచ్చగా ఉన్నాయి.

అత్త చెంబెడు పసుపునీళ్లు కలిపి, చేతులారా మొత్తం గింజలకు పూసి, మధ్యలో కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి, పక్కన ఊదుబత్తి గుచ్చింది. విత్తే ముందు గింజకు పసుపు తాకించడం మా వైపు ఎప్పుడూ ఉంది. ఒక పిడికెడు గింజలకు అద్దుతారు, అంతే. ఆ రోజు ఆమె బస్తాలకు బస్తాలు పసుపుతో స్నానం చేయించింది.

"ఏం చేసినావత్తా!"

"యాల అరుస్తావు? ప్రాణమున్నవి అంటివి గదా. వాటిని ఉట్టి చేతులతో భూమి లోపలికి పంపిస్తామా?"

"దెబ్బ తగిలితే పసుపు ఎందుకు పెడ్తావు నువ్వు?"

"పురుగు చేరకుండా."

"ఇవి ఆ పురుగులే!"

అత్త చెంబు కింద పెట్టింది. "మంచివి అంటివే?"

"మంచివే. పసుపుకు మంచీ చెడ్డా ఏం తెలుసు?"

ఈ మాట నేను అనకుండా ఉండాల్సింది. "పసుపుకు తెలీదంటాండావా? పసుపుకా?" అని ఆమె లేచి నిలబడింది. ఆ తర్వాత ఇద్దరం అన్నవి ఇక్కడ రాయను. ట్రాక్టరు ఆయన వచ్చి, విత్తే గొర్రు ఆపి, మా ఇద్దరిలో ఎవరిని పలకరించాలో తెలియక టీ తాగడానికి వెళ్లిపోయాడు. పదును పోతుందన్న భయం లేకపోతే సాయంత్రం దాకా అలాగే ఉండేవాళ్లం. చివరికి ఆ పసుపు గింజలే విత్తారు. నేను ఒక్క మాట కూడా మాట్లాడకుండా మధ్యాహ్నం బస్సెక్కాను. బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుని ఏడ్చాను. పోయింది ప్యాకెట్టు కాదు, ఆమె చేను అనిపించింది.

పసుపుకు నా బ్యాక్టీరియా అంతా చచ్చిపోయిందని ఇప్పటికీ నేను ప్రమాణం చేయలేను. కొంత చచ్చి ఉంటుంది, కొంత బతికి ఉంటుంది. పసుపు లేకపోయినా బయటి నుంచి తెచ్చి పోసినవి కొత్త మట్టిలో నిలదొక్కుకోవడం ప్రతిసారీ జరగదు. ఇది నేను రైతులకు రోజూ చెప్పే సంగతే. మా అత్త విషయానికి వచ్చేసరికి మరిచిపోయాను.

మొలక బాగానే వచ్చింది. మా ప్రాంతంలో మొలక ఎప్పుడూ బాగానే వస్తుంది, ఆశ పెట్టడానికి. తర్వాత వాన మొహం చాటేసింది. పూత వచ్చి, కొమ్మల నుంచి కాయ కట్టే ఊడలు మట్టిలోకి దిగవలసిన సమయంలో నేల రాయిలా అయింది. నేను సెలవు పెట్టుకుని వెళ్లాను. అప్పటికి అత్తా నేనూ మళ్లీ మాట్లాడుకుంటున్నాం. నిజానికి ఫోన్లో తిట్టుకోవడం మేం ఎప్పుడూ ఆపలేదు.

మొక్కలు జానెడు కూడా లేవు. ఆకులు చిన్నవిగా, నల్లటి పచ్చగా, కాడలు ఊదారంగుకు తిరిగి ఉన్నాయి. భాస్వరం అందక పస్తులున్న పైరు అలాగే ఉంటుంది. చుట్టూ సోలార్ పలకలు ఎండకు మెరుస్తున్నాయి. గట్టు మీద నిలబడి మొత్తం ఒకసారి చూశాను. ఉత్తరం మూల, కానుగ చెట్టు దగ్గర, మాత్రం పైరు వేరేగా ఉంది. మోకాలి దగ్గరికి వచ్చింది, లేతపచ్చగా, గుబురుగా. అదే విత్తనం, అదే పసుపు, అదే వాన.

దగ్గరికి వెళ్లి చూస్తే ఇంకో వింత. ఆ పచ్చదనం ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో తాడు పట్టి గీసినట్టు ఉంది. చెట్టు నీడ అయితే గుండ్రంగా ఉండాలి. నీళ్లు నిలిచిన పల్లం అయితే వంకరగా ఉండాలి. మట్టి తనంతట తాను ఇలా నాలుగు మూలలు పెట్టుకోదు.

"అత్తా, ఈ మూల ఏం చేసినావు?"

"ఏమీ చేయలే."

"ఏమన్నా తోలినావా? పెంట పోసినావా?"

"లేదంటాంటే."

అంత తొందరగా లేదన్నదంటే ఏదో ఉందని అర్థం. నేను కదలకుండా అక్కడే గట్టు మీద కూర్చున్నాను. కాసేపటికి ఆమే వచ్చి పక్కన కూర్చుంది.

"ఎండాకాలంలో మడకశిర దిక్కు నుంచి గొర్రెల మంద వచ్చింది," అన్నది, అటు చూస్తూ.

ఇది మా వైపు పాత పద్ధతి. ఎండాకాలంలో చేలు ఖాళీగా ఉన్నప్పుడు గొర్రెలవాళ్లు మందలు తోలుకుని వస్తారు. చేలో నాలుగు దిక్కులా గూటాలు పాతి, వల కట్టి, రాత్రికి గొర్రెలను అందులో ఆపుతారు. తెల్లారేసరికి అక్కడ పెంటికలు, మూత్రం. మర్నాడు వలను పక్కకు జరుపుతారు. అలా చేనంతా తిరిగేసరికి నేల మొత్తానికి ఎరువు పడుతుంది. గొర్రెలవాళ్లకు తిండిగింజలు ఇస్తారు. అత్త కూడా చేనంతా మంద ఆపమని మాట్లాడుకుంది.

"మరి? ఈ మూలకే పడి ఉండాదే?"

"వాని గొర్రెలు నా సొరపాదు తిన్నాయి. పందిరి మీదికి కాళ్లెత్తి మరీ తిన్నాయి. పిందెలు దిగిన పాదు. నాలుగు తిట్టినా. వాడు కన్నడంలో నాలుగు తిట్టినాడు. మొత్తం తోలుకుని పొమ్మన్యా."

చేనంతటికీ రావలసిన మంద ఒక సొరపాదు వల్ల ఒక్క మూలతో ఆగిపోయింది. నాకు నవ్వొచ్చింది. ఆమె వైపు చూసి ఆపుకున్నాను. ఆమె కళ్లు ఆ గీత దగ్గరే ఉన్నాయి, పచ్చదనం ఆగిపోయిన చోట.

అక్కడ కూర్చునే నాకు మిగతాది అర్థమైంది. పెంటికలో దాని సొంత భాస్వరం ఉంటుంది, నత్రజని ఉంటుంది, అది కొంత కారణం. అంతకంటే పెద్ద సంగతి తిండి. బ్యాక్టీరియా ఆమ్లం విడవాలంటే ముందు దాని కడుపు నిండాలి. ఆకో అలమో, కుళ్లిన వేరో, పేడో ఏదో ఒకటి మట్టిలో ఉండాలి. వేరుశనగ పంటలో ఏం మిగులుతుంది? కోయం, పీకుతాం. వేరుతో సహా మొక్క పైకి వచ్చేస్తుంది. కాయలు మనకు, కట్టె, అంటే ఎండిన మొక్క, పశువులకు. నేలకు పిడికెడు ఆకు కూడా వదలం. ఏళ్ల తరబడి అలా ఊడ్చిపెట్టిన నేలలో నేను కొత్తగా బ్యాక్టీరియాను తెచ్చి పోశాను. తిండి లేని ఇంటికి చుట్టాలను పంపినట్టే. పసుపు గురించి ఆ పొద్దు అంత గొంతు చించుకున్నాను గానీ, ఆ నేలలో వాటికి తిండి ఉందా అని అసలు నేనే అడగలేదు.

పంట పీకే రోజు బావ వచ్చాడు. మూలలో మొక్క పీకితే కాయలు గుత్తులుగా వచ్చాయి. మిగతా చేలో మొక్కకు రెండు మూడు, అవీ తాలు. బావ రెండు చేతుల్లో రెండు మొక్కలు పట్టుకుని తల్లి ముందు నిలబడ్డాడు.

"చూడమ్మా. ఎరువు పడిన మూల పండింది. తక్కినదంతా సచ్చిపోయి ఉండాది. నువ్వే అంటివి."

"అన్యా," అన్నది అత్త.

"వచ్చే వారం కంపెనీవాళ్లు కాగితాలు తీసుకుని వస్తారు."

అత్త వంగి తర్వాతి మొక్క పీకింది. బావ వెళ్లాక నన్ను వెనక్కి పిలిచింది. కొంగుతో చేతులు తుడుచుకుంటూ, "ఏమ్మే, నువ్వు ఆ పని చదివిన దానివి గదా. నాకోసరం చెప్పద్దు. నిజం చెప్పు. సచ్చినాదా?" అని అడిగింది.

"పరీక్ష చేసి చెప్తా అత్తా."

"సచ్చింటే సచ్చినాదనే చెప్పు."

రెండు సంచుల్లో మట్టి తీసుకున్నాను. ఒకటి మూలది, ఒకటి మిగతా చేనిది, నాలుగైదు చోట్ల తవ్వి కలిపింది. బస్సులో వాటిని ఒళ్లో పెట్టుకుని వచ్చాను. పళ్లెం ఖాళీగా వస్తే ఖాళీ అనే చెప్పాలి. ఆమెకు అబద్ధం చెప్పి ఒప్పించడం నా వల్ల కాదు, చిన్నప్పుడు కూడా కాలేదు.

పరీక్ష పెద్ద కష్టమైనది కాదు. గాజు పళ్లెంలో జెల్లీ లాంటి మేత పోస్తాం. అందులో చక్కెర ఉంటుంది, కరగని ఫాస్ఫేటు పొడి ఉంటుంది. ఆ పొడి వల్ల జెల్లీ మొత్తం పాలలా తెల్లగా కనిపిస్తుంది. మట్టిని నీళ్లలో బాగా పలుచన చేసి ఒక చుక్క దాని మీద పరిచి, వెచ్చటి పెట్టెలో ఉంచుతాం. భాస్వరాన్ని కరిగించే బ్యాక్టీరియా అందులో ఉంటే అది చుక్కలా పెరుగుతుంది. దాని చుట్టూ ఉన్న తెలుపు కరిగిపోయి అద్దంలా తేటబడుతుంది. తెల్లటి పళ్లెంలో తేట వలయం. ఈ ఉద్యోగంలో నాకు విసుగు పుట్టని దృశ్యం అదొక్కటే.

అత్త రోజూ ఫోన్ చేసింది. "ఎట్ల ఉండాది?" అనేది. ఆస్పత్రిలో పడుకున్న మనిషిని అడిగినట్టు. "ఇంకా ఏం తెలీదు" అనేదాన్ని. "తింటాండాదా?" అని ఒకసారి అడిగింది.

మూల మట్టి పళ్లెం తొందరగానే తేలింది. వలయాల మీద వలయాలు. మిగతా చేని పళ్లెం తెల్లగానే ఉంది. మర్నాడూ తెల్లగానే ఉంది. నేను దాన్ని వెలుగుకు పెట్టి, తిప్పి, మళ్లీ లోపల పెట్టాను. పక్క బల్ల దగ్గర పనిచేసే అమ్మాయి కాఫీ తెచ్చిస్తే ఆమె మీద ఊరికే విసుక్కున్నాను.

ఆ తర్వాత రోజు పెట్టె తీసేసరికి ఉన్నాయి. కొన్నే. చిన్నవి. ఆవగింజంత చుక్కలు, వాటి చుట్టూ సన్నటి తేట అంచు. ఒక్కొక్కదాన్ని వేలితో చూపించుకుంటూ చూశాను. అవి నా ప్యాకెట్లోవా, ఆ నేలలో ముందు నుంచీ ఉన్నవా? పక్కన మా ప్యాకెట్టు రకాన్ని పెంచి పోల్చాను. చుక్కల రంగు వేరు, అంచు వేరు. ఆ పరీక్ష ఒక్కదానితో అంతా తేలదు గానీ, నాకు మాత్రం అవి ఆ చేని సొంతవే అనిపించాయి. ఇన్నేళ్లు పస్తులుండి కూడా పోకుండా ఉన్నవి. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

"అత్తా, నువ్వే వచ్చి చూడు," అని ఫోన్ చేశాను.

అలా వచ్చింది, బ్రెడ్డు ప్యాకెట్టూ బత్తాయిలూ పట్టుకుని. ఉతికిన చీర కట్టుకుని, జడ బిగించి. అనంతపురంలో ఆమెకు తెలిసింది ఆస్పత్రి ఒక్కటే, చుట్టాలను చూడటానికి ఎప్పుడు వచ్చినా అవే తెచ్చేది.

"ఇవి ఎవరికత్తా?"

"చూడనీకి వస్తా ఉట్టి చేతులతో వస్తారా?" అని సంచి నా బల్ల మీద పెట్టింది. పసుపు తేలేదు. నేను అడగలేదు.

ముందు మూల మట్టి పళ్లెం చూపించాను. వలయాలు చూసి తలూపింది. "ఇది గొర్రెలది. రెండోది యాడ?" అన్నది. రెండో పళ్లెం ఆమె చేతికిచ్చి, కిటికీ దగ్గరికి తీసుకెళ్లాను. రెండు చేతులతో పట్టుకుంది. మొదట కనిపించలేదు. కళ్లజోడు సర్దుకుని, పళ్లెం కొంచెం వంచి చూసింది.

"ఈ తేటగా ఉండేవేనా?"

"అవే."

"ఇవి మూలవి కాదు గదా?"

"కాదత్తా. తక్కిన చేనివి. బావ సచ్చినాదన్నాడే, అది."

నేను పక్కన నిలబడి, నెమ్మదిగా, నాకు తెలిసినంతా చెప్పాను. భాస్వరం నేలలోనే ఉందని, కరిగించేవి కూడా ఉన్నాయని, వాటికి తిండి లేదని. తిండి పెడితే లేస్తాయని, ఒక్క ఏడుతో కాదని, వాన రాకపోతే ఇవి కూడా ఏమీ చేయలేవని. ఏదీ దాచలేదు, ఏదీ పెంచలేదు.

"ఎంత సన్నంగా ఉండాయి," అన్నది. ఆ గొంతు నేను అంతకుముందు ఒక్కసారే విన్నాను, నెలలు నిండకుండా పుట్టిన నా కూతుర్ని ఆమె మొదటిసారి ఎత్తుకున్నప్పుడు.

"వీటిని ఏం చేస్తావు ఇప్పుడు?"

"పని అయిపోతే కుక్కర్ లాంటిదాంట్లో ఉడికించి పారేస్తాం."

"నీ మొగం. ఇన్ని దినాలు ఆకలికి తట్టుకున్నవాటిని ఉడకబెడ్తావా?"

చేలో చిటికెడు మట్టిలో ఇంతకంటే చాలా ఉన్నాయని నచ్చజెప్పడానికి నాకు తల ప్రాణం తోకకు వచ్చింది. కాఫీ ఇచ్చిన అమ్మాయి బ్రెడ్డు ప్యాకెట్టు విప్పి అందరికీ పంచింది. అత్త తను తినలేదు. కుర్చీలో కూర్చుని బత్తాయి ఒలుస్తూ ఆలోచిస్తోంది.

"ఆ మడకశిర గొర్రెలాయప్ప నంబరు మీ మామ తమ్ముని దగ్గర ఉంటాది," అన్నది చివరికి. "నువ్వే మాట్లాడు. నేను తిట్టినానని గుర్తుంటాదో ఏమో. ఈసారి సొరపాదు పెట్టనని చెప్పు."

"నిజంగా పెట్టవా?"

"పెడ్తా. వానికి చెప్పద్దు."

తర్వాత సంచిలోంచి ఫోను తీసి, బావకు చేయమని నాకిచ్చింది. నంబరు నొక్కి ఇచ్చాను. బావ పని చేసే చోట రాళ్లు కోసే శబ్దం బయటికి వినిపించింది. గట్టిగా మాట్లాడితే గానీ వినపడదని ఆమెకు తెలుసు. లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో ఆ పళ్లెం. పళ్లెం మీద నుంచి చూపు తిప్పకుండా, ప్రయోగశాల అంతా వినేటట్టు చెప్పింది.

"వాళ్లను రావద్దని చెప్పురా. సావలేదు. తిండి లేక నీరసపడి ఉండాది, అంతే. ఊరికే అంటాండానా, ఇప్పుడే కండ్లారా చూస్తాండా."